బొమ్మల కథల్లో సాక్షులు

మా విహారంలో పిల్లల కోసం ఒక చిన్న గ్రంథాలయం నడుస్తోంది. గ్రంథాలయం అంటే రెండు ఇనుప బీరువాలు, నాలుగు చాపలు, ఆదివారం వందన అయ్యాక ఇళ్లకు పోకుండా కూర్చునే పిల్లలు. ఈ ఏడాది ఒక ఉపాసకుడు ఇచ్చిన డబ్బుతో ఐదు కామిక్స్ పుస్తకాలు కొనాలనుకున్నాం. షరతు ఒక్కటే: సూపర్ హీరోల కథలు వద్దు. షరతు పెట్టడం తేలికే అయింది. మిగిలినవాటిలో ఏ ఐదు మేలైనవి అన్న దగ్గర మాత్రం మూడు ఆదివారాలు వాదన సాగింది. ఆ వాదనలో నాకు తెలిసిన చరిత్ర కొంత చెప్పాను, తెలియనిది కొంత నేర్చుకున్నాను. మన గ్రామాల్లో, హాస్టళ్లలో పిల్లల కోసం పుస్తకాలు ఎంచేవారికి పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

మొదటి అభ్యంతరం మా మాస్టారి నుంచి వచ్చింది. ఆయన హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. "బాబాసాహెబ్ రచనలు చదవాల్సిన పిల్లల చేతిలో బొమ్మల పుస్తకాలు పెడతారా?" అన్నారు. చదువు కోసం మన పెద్దలు పడ్డ కష్టం తెలిసినవారు కాబట్టి ఆయన ఆ మాట అనడంలో న్యాయం ఉంది. నేను ఆయనకు అమరావతిని గుర్తుచేశాను. మద్రాసు మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాల్లో ఒక గుండ్రటి ఫలకం ఉంది. ఒకవైపు నాలాగిరి ఏనుగు మదించి మనుషుల్ని తొక్కుతూ వస్తుంది. అదే ఫలకంలో ఇంకోవైపు అదే ఏనుగు తథాగతుడి పాదాల ముందు మోకరిల్లి ఉంటుంది. ఒకే చట్రంలో ఒకే ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. రెండు బొమ్మల మధ్య జరిగింది చూసేవాడి మనసులో జరుగుతుంది. నేటి కామిక్స్ పనిచేసే తీరూ ఇదే. అక్షరం అందరికీ అందని కాలంలో ధమ్మాన్ని జనం దగ్గరకు చేర్చిన పద్ధతుల్లో ఇదొకటి. మాస్టారు నవ్వి, "సరే, ఏనుగును కొట్టేసే వాదన నా దగ్గర లేదు" అన్నారు.

సూపర్ హీరోలు ఎందుకు వద్దో కూడా పిల్లలకు చెప్పాల్సి వచ్చింది. సూపర్‌మ్యాన్ 1938లో అమెరికాలో పుట్టాడు. సృష్టించినవారు జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యూదు యువకులు. ఇద్దరివీ వలస వచ్చిన కుటుంబాలే. అణగిన మనిషికి అండగా ఒక బలశాలి రావాలన్న వాళ్ల కోరికను తప్పుపట్టలేం. కానీ బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ఒక తేడా స్పష్టంగా చెప్పారు. తథాగతుడు తనను మోక్షదాతగా చెప్పుకోలేదు, మార్గదాతగా మాత్రమే చెప్పుకున్నాడు. సూపర్ హీరో మోక్షదాత. అతను ఎగిరొచ్చి కాపాడితే మనం చప్పట్లు కొట్టడమే మిగులుతుంది. తమ కాళ్లమీద తాము నడిచిన మనుషుల కథలు మా పిల్లలకు ఇవ్వాలని మా కోరిక.

అయితే అలాంటి కథలు కూడా వందల్లో ఉన్నాయి. వాటిని దేనితో తూచాలి? నేను లా చదివినవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన తూనికరాయినే పెట్టాను. 1872 నాటి భారతీయ సాక్ష్య చట్టంలో 60వ సెక్షన్ ఒక సూత్రం చెప్పింది. నోటి సాక్ష్యం ప్రత్యక్షంగా ఉండాలి. కళ్లతో చూసిన విషయమైతే, చూసినవాడే వచ్చి చూశానని చెప్పాలి. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం వచ్చినా ఈ సూత్రం పోలేదు. మంచి కామిక్స్‌ను కూడా ఇలాగే అడుగుదాం అన్నాను. చెప్పేవాడు చూసినవాడేనా? చూసినదాంట్లో తనవాళ్ల తప్పును దాచాడా, చెప్పాడా? బొమ్మ లేకుండా ఒట్టి మాటలతో చెబితే అందులో ఏం పోతుంది? ఈ మూడు ప్రశ్నలకూ నిలబడ్డ పుస్తకానికి చోటిద్దాం.

ఈ పరీక్షలో ముందు నిలబడింది జపాన్‌కు చెందిన కేజీ నకజావా. ఆయన 1972లో గీసిన ఆత్మకథ పేరే 'నేను చూశాను'. 60వ సెక్షన్ ప్రకారం సాక్షి చెప్పాల్సిన మొదటి మాట అదే. 1945 ఆగస్టు 6 ఉదయం హిరోషిమా మీద అణుబాంబు పడినప్పుడు ఆయనకు ఆరేళ్లు. బడి దగ్గర ఒక గోడ పక్కన నిలబడి ఉండటంతో బతికాడు. తండ్రి, అక్క, తమ్ముడు చనిపోయారు. గర్భవతిగా ఉన్న తల్లి ఆ రోజే ఆడపిల్లను కన్నది, ఆ పసిపాప కొన్ని నెలలే బతికింది. పెద్దయ్యాక టోక్యోలో బొమ్మలు గీస్తూ ఆయన బాంబు సంగతి ఎవరికీ చెప్పేవాడు కాదు. చెబితే జనం దూరం జరిగేవారు. బాంబు బాధితులతో వియ్యమందడానికి, పక్కన కూర్చోడానికి భయపడేవారు. అంటు అన్న మాట ఎరిగిన మనకు ఈ సంగతి వేరే వివరించక్కర్లేదు. 1966లో తల్లి చనిపోయింది. దహనం తర్వాత చూస్తే ఎముకలు మిగల్లేదు, బూడిద మాత్రమే ఉంది. అమ్మ ఎముకల్ని కూడా బాంబు తినేసిందన్న కోపంతో ఆయన మౌనం వదిలాడు. 1973లో 'హదాషి నో గెన్' మొదలైంది. అంటే 'వట్టికాళ్ల గెన్'. అది 10 సంపుటాలకు పెరిగింది.

ఇందులో ఒక చిక్కు ఉంది, దాన్ని పిల్లల ముందు దాచలేదు. కథలో గెన్ ఇంటికి పరుగెత్తి, కూలిన ఇంటి కింద తండ్రి, అక్క, తమ్ముడు చనిపోవడం కళ్లారా చూస్తాడు. నిజ జీవితంలో నకజావా ఆ సమయంలో అక్కడ లేడు. చూసింది తల్లి. ఆమె చెప్పగా ఆయన విన్నాడు. కోర్టులో అయితే ఆ భాగం చెల్లదు. కానీ ఆ తల్లి ఇక సాక్ష్యం చెప్పడానికి లేదు. ఆమె చూసినదాన్ని కొడుకు తన గెన్ కళ్లకు అప్పగించాడు. ఇదంతా ఆయనే తన జీవిత కథలో దాపరికం లేకుండా చెప్పాడు. రెండో ప్రశ్నకూ ఈ పుస్తకం నిలుస్తుంది. గెన్ తండ్రి యుద్ధాన్ని వ్యతిరేకిస్తాడు, అందుకు ఊరంతా ఆ కుటుంబాన్ని దేశద్రోహులంటుంది. ఆ వీధిలో వాళ్లకు అండగా నిలిచినవాడు జపానీయులు హీనంగా చూసే ఒక కొరియా మనిషి. బాంబు వేసిన అమెరికాను నిలదీసిన రచయిత, తన దేశ సైన్యం ఆసియాలో చేసిన ఘోరాలను కూడా గీశాడు. దానికి మూల్యం చెల్లించాల్సి వచ్చింది. 2012లో మత్సుయే నగర విద్యామండలి ఈ పుస్తకాన్ని బడి గ్రంథాలయాల్లో పిల్లలకు స్వేచ్ఛగా అందనివ్వొద్దని చెప్పింది. మరుసటి ఏడు నిరసనలు వచ్చాక వెనక్కి తగ్గింది. 2023లో సాక్షాత్తు హిరోషిమా నగరమే తన శాంతి పాఠాల నుంచి గెన్‌ను తీసేసింది.

రెండో పుస్తకం ఆర్ట్ స్పీగెల్‌మన్ 'మౌస్'. పోలండ్ యూదుడైన తండ్రి వ్లాడెక్ ఆష్విట్జ్ మరణశిబిరం నుంచి బతికి బయటపడ్డాడు. కొడుకు అమెరికాలో టేపు రికార్డరు పెట్టుకుని తండ్రి చెప్పింది విన్నాడు. యూదుల్ని ఎలుకలుగా, జర్మన్లను పిల్లులుగా గీశాడు. మొదటి భాగం 1986లో, రెండోది 1991లో పుస్తకాలుగా వచ్చాయి. 1992లో పులిట్జర్ ప్రత్యేక బహుమతి వచ్చింది. న్యూయార్క్ టైమ్స్ దీన్ని అమ్మకాల జాబితాలో కల్పిత సాహిత్యం కింద వేస్తే, స్పీగెల్‌మన్ ఉత్తరం రాసి వాస్తవ రచనల కిందికి మార్పించాడు. ఎలుక ముఖం పెట్టినంత మాత్రాన సాక్ష్యం కట్టుకథ అయిపోదు కదా.

మా డిగ్రీ చదివే అమ్మాయి ఒకరు అడిగింది: "సార్, ఇది విన్న సాక్ష్యమే కదా. మీ సెక్షన్ ప్రకారం చెల్లదు." సరైన ప్రశ్నే. కానీ స్పీగెల్‌మన్ తాను విన్నవాణ్ణేనని ప్రతి పేజీలో చూపిస్తాడు. తండ్రి చెప్పడం, తాను అడగడం, తండ్రి తప్పించుకోవడం, తాను విసుక్కోవడం అన్నీ బొమ్మల్లో ఉంటాయి. సాక్షిని, వాంగ్మూలం రాసుకున్నవాణ్ణి ఇద్దర్నీ బోనులో నిలబెట్టాడు. ఇక రెండో ప్రశ్న. తల్లి రాసిన డైరీలను ఆమె మరణం తర్వాత తండ్రి కాల్చేశాడు. ఆ సంగతి తెలిసి కొడుకు తండ్రిని హంతకుడని నిందించడంతో మొదటి భాగం ముగుస్తుంది. రెండో భాగంలో ఒక చిన్న ఘట్టం ఉంది. దారిలో ఒక నల్లజాతి మనిషిని కారులో ఎక్కించుకుంటే, వ్లాడెక్ అతన్ని దొంగలా చూసి తిట్టుకుంటాడు. నాజీలు యూదుల గురించి మాట్లాడినట్టే నువ్వూ మాట్లాడుతున్నావేమిటని కోడలు నిలదీస్తుంది. అతనికి అర్థం కాదు. అణచివేతకు గురైనవాడు తనకంటే కింద ఉన్నాడనుకున్నవాణ్ణి ఎలా చూస్తాడో బాబాసాహెబ్ మనకు నిచ్చెనమెట్ల అసమానతగా చెప్పారు. మనలో మనం పాటించే తేడాలు గుర్తుకొచ్చి ఆ పేజీ దగ్గర మా సమావేశం కాసేపు నిశ్శబ్దమైంది. 2022లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఒక కౌంటీ విద్యామండలి 'మౌస్'ను ఎనిమిదో తరగతి పాఠ్యం నుంచి తీసేసింది. అభ్యంతరం చెప్పింది కొన్ని తిట్టు మాటల మీద, ఒక నగ్న చిత్రం మీద.

మూడో చోటు గురించి మాట్లాడుతూ అమెరికాలోని పాత సంగతి ఒకటి చెప్పాను. 1953లో ఈసీ కామిక్స్ సంస్థ 'తీర్పు దినం' అనే అంతరిక్ష కథ వేసింది. యంత్రమానవుల గ్రహానికి భూమి నుంచి ఒక అధికారి తనిఖీకి వస్తాడు. అక్కడ నారింజ రంగు తొడుగు ఉన్న యంత్రాలు పైన, నీలం తొడుగు ఉన్నవి కింద. లోపలి యంత్రం అందరిదీ ఒకటే. ఆ గ్రహానికి మానవ కూటమిలో చేరే అర్హత ఇంకా రాలేదని అధికారి తేల్చి వెళ్లిపోతాడు. చివరి గడిలో శిరస్త్రాణం తీస్తే అతను నల్లజాతి మనిషి. 1956లో ఈ కథను మళ్లీ వేయబోతే, కామిక్స్ నియమావళిని అమలుచేసే అధికారి ఆ మనిషి నల్లవాడుగా ఉండకూడదన్నాడు. ఆయన పూర్వాశ్రమంలో న్యాయమూర్తి. సంపాదకులు ఒప్పుకోకుండా ఉన్నది ఉన్నట్టే వేశారు. ఏడు పేజీల కథలో ఒక్క ముఖం రంగు కోసం అంత పోరాటం జరిగింది.

ఆ మరుసటి ఏడాదే, 1957లో, 'మార్టిన్ లూథర్ కింగ్, మాంట్‌గోమరీ కథ' అనే 16 పేజీల కామిక్ వచ్చింది. శాంతి కోసం పనిచేసే ఫెలోషిప్ ఆఫ్ రికన్సిలియేషన్ దాన్ని రెండున్నర లక్షల ప్రతులు వేసింది. రోసా పార్క్స్ అరెస్టు తర్వాత నల్లజాతి ప్రజలు 381 రోజులు బస్సులెక్కకుండా నడిచి గెలిచిన కథ అది. చివర, ఆ పద్ధతిని మీ ఊళ్లో ఎలా అమలుచేయాలో చెప్పే భాగం కూడా ఉంది. పదేళ్ల వయసులో కాదు, పదిహేడు పద్దెనిమిదేళ్ల వయసులో దాన్ని చదివి ఉద్యమంలోకి నడిచినవారిలో జాన్ లూయిస్ ఒకరు. 1956లో ఆయన తన ఊరి దగ్గర పబ్లిక్ లైబ్రరీకి కార్డు అడగడానికి వెళితే, ఇది తెల్లవాళ్లకే అని పంపేశారు. 1965 మార్చి 7న సెల్మా వంతెన మీద పోలీసులు ఆయన తల పగలగొట్టారు. తర్వాత పార్లమెంటు సభ్యుడయ్యారు. 2013 నుంచి 2016 దాకా, ఆండ్రూ ఐడిన్, నేట్ పావెల్‌లతో కలిసి తన కథను 'మార్చ్' పేరుతో మూడు భాగాల కామిక్‌గా తెచ్చారు. మూడో భాగానికి 2016లో అమెరికా జాతీయ పుస్తక బహుమతి వచ్చింది. ఆ బహుమతి ఒక కామిక్‌కు రావడం అదే మొదటిసారి. లైబ్రరీ కార్డు దొరకని కుర్రాడి పుస్తకం ఈనాడు లైబ్రరీల్లో ఉంది. మాంట్‌గోమరీ పుస్తకంలో భారతదేశం నుంచి గాంధీ కథే కనిపిస్తుంది. మాంట్‌గోమరీకి 28 ఏళ్ల ముందు, 1927 మార్చి 20న మహాద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగిన మన జనం అందులో లేరు. మా పిల్లలు ఆ లోటును వాళ్లంతట వాళ్లే పట్టుకున్నారు.

ఆ లోటుకు సమాధానమే మా నాలుగో పుస్తకం. మన దేశంలో అమర్ చిత్ర కథ 1967లో మొదలైంది. పురాణాలు, రాజులు, వీరులు దండిగా వచ్చాక, 1979లో బాబాసాహెబ్ పుస్తకం వచ్చింది. మా తరం చాలామందికి ఆయన బాల్యం బొమ్మల్లో కనిపించింది అక్కడే. దాన్ని తక్కువ చేయను. కానీ 2011లో నవయాన ప్రచురించిన 'భీమాయన' వేరే దారిలో నడిచింది. దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే పర్ధాన్ గోండు దంపతులు బొమ్మలు వేశారు. శ్రీవిద్యా నటరాజన్, ఎస్. ఆనంద్ మాటలు రాశారు. ఆధారం బాబాసాహెబ్ స్వయంగా రాసుకున్న 'వీసా కోసం నిరీక్షణ'. 1901లో తండ్రిని చూడటానికి బయల్దేరిన పిల్లలకు బండివాడు రెట్టింపు కిరాయి తీసుకుని కూడా బండి తోలనన్నాడు. దారి పొడవునా తాగడానికి నీళ్లు దొరకలేదు. పెద్ద చదువులు చదివి వచ్చాక బరోడాలో తలదాచుకోడానికి గది దొరకలేదు. అనుభవించినవాడే చెప్పిన సాక్ష్యం ఇది.

గీసినవారు కూడా తమ మాట చెప్పారు. మనుషుల్ని గళ్లలో బంధించం అని వ్యామ్ దంపతులు గళ్లు వేయలేదు. గోండు ఇళ్ల గోడల మీద వేసే దిగ్నా ముగ్గులతోనే పేజీని విడదీశారు. మెత్తని మాట చెప్పేవారి మాటల బుడగ పక్షి ఆకారంలో ఉంటుంది. కులం విషం కక్కే మాటకు తేలు కొండి ఉంటుంది. ఒక చిన్న పిల్ల ఆ కొండిని వేలితో తాకి, "ఈ మాట నన్ను కూడా అన్నారు" అంది. బొమ్మ లేకపోతే ఏం పోతుందన్న మూడో ప్రశ్నకు నాకు అంతకంటే మంచి జవాబు దొరకలేదు.

ఐదో చోటు దగ్గరే అసలు గొడవ. నేను జో సాకోను ప్రతిపాదించాను. 'పాలస్తీనా'తో పేరు తెచ్చుకున్న ఆ విలేకరి మన కుశీనగర్ జిల్లాకు వచ్చి, అక్కడి ముసహర్ల ఆకలి మీద బొమ్మల కథనం చేశాడు. అది 2012లో వచ్చిన 'జర్నలిజం' అనే పుస్తకంలో ఉంది. తథాగతుడు పరినిర్వాణం పొందిన నేల మీద ఎలుక కన్నాల్లోని గింజలు ఏరుకునే మనుషులు ఉన్నారని ఒక విదేశీయుడు గీసి చూపించాడు. మాస్టారు మర్జానే సత్రాపీ 'పెర్సెపోలిస్' కావాలన్నారు. ఇరాన్ విప్లవంలో పెరిగిన పిల్ల కథ మన ఆడపిల్లలకు కావాలన్నది ఆయన వాదన. బొమ్మల పుస్తకాలే వద్దన్న మనిషి ఆ దాకా వచ్చారు! డిగ్రీ చదివే అమ్మాయి మాత్రం ఒసాము తెజుకా 'బుద్ధ' కావాలంది.

నేను గట్టిగా కాదన్నాను. 1972 నుంచి 1983 దాకా జపాన్‌లో సాగిన ఈ కథ తొలి సంపుటం చాలాసార్లు చదివాను. ఇందులో తత్త అనే కుర్రాడు జంతువుల శరీరాల్లోకి దూరతాడు. నవ్వులాటలున్నాయి, కల్పిత పాత్రలున్నాయి. బాబాసాహెబ్ మహిమలన్నీ తీసేసి, హేతువుకు నిలిచే బుద్ధుణ్ణి మనకిచ్చారు. ఆ శ్రమను వెనక్కి తిప్పే పుస్తకం మన బీరువాలో ఎందుకు? పైగా ఇక్కడ చూసిన సాక్షి ఎవరూ లేరు.

ఆ అమ్మాయి మాటలు నాకు గుర్తున్నంతలో ఇవి. "సార్, ఈ సంపుటంలో సిద్ధార్థుడు పుట్టడమే ఆలస్యంగా పుడతాడు. అంతకుముందంతా చప్ర కథ. వాడు బానిస పిల్లాడు. సేనాపతిని మొసలి నుంచి కాపాడి, పుట్టుక దాచి, దత్తపుత్రుడవుతాడు. అది బయటపడగానే తల్లితో పాటు చచ్చిపోతాడు. బుద్ధుడి కథ చెప్పేవాళ్లందరూ రాజభవనం నుంచి మొదలుపెడతారు. ఈయన వెలివాడ నుంచి మొదలుపెట్టాడు. మీరు సాక్షి కావాలంటున్నారు. ఆ కాలం బానిసల్లో ఎంతమందిని సాక్ష్యం చెప్పనిచ్చారు? థేరీగాథలో నీళ్లు మోసే పున్న ఉంది, థేరగాథలో చెత్త ఎత్తే సునీతుడు ఉన్నాడు. మిగతావాళ్ల సంగతి ఎవరు గీయాలి?"

ఈ మాటకు నా దగ్గర సెక్షన్ లేదు. సాక్ష్య చట్టం బోనెక్కినవాడికే పనికొస్తుంది. బోను దాకా రానివ్వని మనిషికి అది ఏ సాయమూ చేయదు. ముప్పై ఏళ్లుగా పోలీస్ స్టేషన్ల చుట్టూ, కోర్టుల చుట్టూ మన జనంతో తిరిగినవాణ్ణి, ఈ సంగతి నాకే ముందు తట్టాల్సింది. ఫిర్యాదు రాయించుకోకుండానే ముగిసిపోయిన కేసులు నేను ఎరుగుదును. వాటికి సాక్షులున్నారు, వాంగ్మూలాలు లేవు.

అభ్యంతరం వదులుకోలేదు గానీ, ఓటు మార్చుకున్నాను. ఒక ఒప్పందానికి వచ్చాం. తెజుకా 'బుద్ధ' మొదటి సంపుటం కొంటాం. లోపలి అట్ట మీద ఒక కాగితం అంటిస్తాం: ఇది చరిత్ర కాదు, ఒక కళాకారుడి ఊహ, దీని పక్కన బాబాసాహెబ్ గ్రంథం చదవండి. సత్రాపీ, సాకో వచ్చే ఏటికి. మా జాబితా చివరికి ఇలా తేలింది: 'వట్టికాళ్ల గెన్' మొదటి సంపుటం, 'మౌస్', 'మార్చ్', 'భీమాయన', తెజుకా 'బుద్ధ'.

మా దగ్గరకు చేరినవన్నీ ఇంగ్లీషు ప్రతులే. అందుకని ఆదివారం ఒక్కో అధ్యాయం పెద్ద పిల్లలు చదివి, తెలుగులో చెప్పేటట్టు ఏర్పాటు చేశాం. మీ ఊళ్లో మీ జాబితా వేరేగా ఉండొచ్చు, ఉండాలి కూడా. జాబితా వేసేటప్పుడు పిల్లల్ని మాత్రం పక్కన కూర్చోబెట్టుకోండి. మా దగ్గర ఐదో పుస్తకం ఎంచింది పెద్దలం కాదు.

పోయిన ఆదివారం 'భీమాయన'లోని తేలు కొండిని తాకిన పిల్ల ఒక నోటు పుస్తకం తెచ్చి చూపించింది. తనను ఆ మాట అన్న రోజు సంగతి నాలుగు బొమ్మల్లో వేసుకుంది. గళ్లు వేయలేదు. ఆ నోటు పుస్తకాన్ని కూడా బీరువాలో పెడదామా అని అడిగాను. ఇంకా అయిపోలేదని తిరిగి తీసుకెళ్లింది.